ఈ సెలవుల్లో ఒక కథే కానుక

తెలుగు పాఠం: తల్లిదండ్రుల పేజీ (6 నుంచి 10 తరగతుల వరకు)



డిసెంబరు వచ్చిందంటే ప్రతి క్లాసులోనూ 'సీక్రెట్ శాంటా' చీటీలు తిరుగుతాయి. పెన్నుల సెట్టో, కాఫీ మగ్గో, కీచైనో కొని, రంగు కాగితం చుట్టి, పేరు చెప్పకుండా తోటి విద్యార్థికి ఇవ్వడం పిల్లలకు సరదా. ఆ వస్తువుల్లో చాలావరకు సంక్రాంతి దాటకుండానే ఏ సొరుగులోకో చేరిపోతాయి. ఈసారి మన యానాం బ్రాంచ్‌లో చీటీలు అలాగే ఉంటాయి, కానుక మాత్రం మారుతుంది. చీటీలో ఎవరి పేరు వస్తే వారి కోసం రెండు పేజీల కథ రాసి ఇవ్వాలి. ఆ కథ పిల్లలకు ముందే తెలిసిన పుస్తకంలోనో, సినిమాలోనో, పురాణంలోనో ఉన్న ఒక స్త్రీ పాత్ర గురించి కావాలి.

దీనివల్ల మార్కులు పెరుగుతాయా అని మీలో కొందరు అడుగుతారు. ఆ ప్రశ్నకు చివర్లో సూటిగానే జవాబు ఇచ్చాం. ముందు ఈ పని ఏమిటో, ఎందుకో, ఇంట్లో మీరెలా సాయపడవచ్చో చూద్దాం.

ఫ్యాన్ ఫిక్షన్ అంటే ఏమిటి?

సినిమా చూసి వచ్చాక మీ పాప "మరి హీరో చెల్లెలు ఆ తర్వాత ఏమైంది?" అని ఎప్పుడైనా అడిగిందా? ఆ ప్రశ్నకు తనే జవాబు ఊహించి రాస్తే అదే ఫ్యాన్ ఫిక్షన్. వేరొకరు సృష్టించిన పాత్రలను తీసుకుని, ఆ కథ మీద ఇష్టంతో, అందులో చెప్పకుండా వదిలేసిన సంగతులను అభిమానులు రాసుకోవడం అన్నమాట.

ఇలా రాసిన కథలను పండుగకు కానుకగా ఇచ్చిపుచ్చుకునే అలవాటు కూడా ఉంది. 'యూల్‌టైడ్' అనే కార్యక్రమం 2003 నుంచి ఏటా జరుగుతోంది. అందులో చేరినవారు తమకు ఏ పాత్రల కథ కావాలో ముందుగా రాసి ఇస్తారు. ఆ కోరిక ఎవరికి వెళ్లిందో వారికి తెలియదు. వచ్చిన వ్యక్తి కనీసం వెయ్యి పదాల కథ రాయాలి. కథలు డిసెంబరు 25న తెరుచుకుంటాయి, రాసినవారి పేర్లు జనవరి 1న బయటపడతాయి. ఈ నాలుగు నియమాలనే మనం పిల్లల స్థాయికి తగ్గించి వాడుకుంటున్నాం.

ఇది మనకు కొత్తేమీ కాదు

వాల్మీకి రామాయణంలో ఊర్మిళ కనిపించేది చాలా కొద్ది చోట్ల. లక్ష్మణుడు అన్నావదినలతో అడవికి వెళ్లిపోయాడు. పద్నాలుగేళ్లు ఆమె ఎలా గడిపింది? ఈ ప్రశ్న మన తెలుగు ఆడవాళ్లకు వచ్చింది. జవాబుగా 'ఊర్మిళాదేవి నిద్ర' అనే పాట పుట్టింది. ఆ పాటలో ఊర్మిళ పద్నాలుగేళ్లూ నిద్రపోతుంది. అడవి నుంచి అందరూ తిరిగొచ్చాక చెల్లెలి సంగతి గుర్తు చేసేది సీత. లక్ష్మణుడు వచ్చి నిద్ర లేపితే ఊర్మిళ అతణ్ని గుర్తుపట్టదు. పరాయి మగవాడనుకుని, పరస్త్రీని ఆశించినవారికి ఏ గతి పట్టిందో చెప్పి గట్టిగా మందలిస్తుంది. తర్వాతే భర్త అని తెలుస్తుంది.

ఇలాంటి పాటలు ఇంకా ఉన్నాయి. 'లక్ష్మణదేవర నవ్వు'లో లక్ష్మణుడు నిండు సభలో ఉన్నట్టుండి నవ్వుతాడు. తన లోపం చూసే నవ్వాడేమోనని సభలో ప్రతి ఒక్కరూ ఉలిక్కిపడతారు. వెల్చేరు నారాయణరావు 1991లో అచ్చయిన ఒక వ్యాసంలో ఈ స్త్రీల రామాయణ పాటలను వివరంగా పరిశీలించారు. ఈ పాటలు యుద్ధాల కన్నా పెళ్లిళ్లు, పురుళ్లు, తోడికోడళ్ల మాటలు, ఇంటి లోపలి అలకల మీద ఎక్కువ నిలుస్తాయి. పాడినవారికి బాగా తెలిసిన లోకం అదే కదా.

రాతలోనూ ఈ దారి సాగింది. ఓల్గా రాసిన 'విముక్త' కథల్లో సీత, అరణ్యంలో శూర్పణఖను కలుసుకుంటుంది. అవమానం పొందిన శూర్పణఖ అక్కడ ఒక తోటను పెంచుతూ కనిపిస్తుంది. అహల్య, రేణుక, ఊర్మిళ కూడా ఆ కథల్లో మాట్లాడతారు. ఆ పుస్తకానికి 2015 కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఇంగ్లీషులో జీన్ రిస్ ఇదే పని చేశారు. 1847 నాటి 'జేన్ ఐర్' నవలలో మేడ మీద గదిలో బంధించి ఉంచిన భార్యకు ఒక బాల్యం, ఒక ఊరు, ఒక గొంతు ఇచ్చి 1966లో 'వైడ్ సర్గాసో సీ' రాశారు.

మీ ఇంట్లో అమ్మమ్మకో మామ్మకో ఊర్మిళ పాట వచ్చేమో ఒకసారి అడగండి. వస్తే, మీ పిల్లలకు ఈ పాఠం అక్కడే సగం అయిపోయినట్టే.

స్త్రీ పాత్రలే ఎందుకు?

దీనికి మా మాట నమ్మనక్కర్లేదు, లెక్క చూడండి. మీ పిల్లలు ఇష్టంగా చదివే కథల పుస్తకం ఒకటి తీసుకోండి. మగపాత్రల మాటల కింద నీలం గీత, ఆడపాత్రల మాటల కింద ఎర్ర గీత గీయమనండి. గీతలు లెక్కపెట్టాక రెండో ప్రశ్న అడగండి: "ఎర్ర గీతల్లో ఆమె తన గురించి చెప్పుకున్న మాటలు ఎన్ని?" అన్నం వడ్డించమని పిలిచే తల్లి, ఎదురుచూసే భార్య, కాపాడబడే రాకుమారి. ఇలాంటి పాత్రలు ఎన్ని ఉన్నాయో పిల్లలే చెబుతారు.

అందుకే ఈ పని అమ్మాయిలకు మాత్రమే కాదు, అబ్బాయిలకూ ఇస్తున్నాం. రెండు పేజీలు రాయాలంటే ఆ పాత్ర ఏం తింటుంది, దేనికి భయపడుతుంది, ఎవరి మీద కోపంగా ఉంది అన్నది అబ్బాయి ఆలోచించాలి. ఎదుటి మనిషి లోపల కూడా ఒక కథ నడుస్తుందని తెలుసుకోవడానికి ఇంతకన్నా సులువైన అభ్యాసం లేదు.

మన ఊరికే చెందిన ఒక ప్రశ్న

గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం' 1892లో తొలిసారి ప్రదర్శించారు, 1897లో అచ్చయింది, ఇప్పుడు మనం చదివే పెద్ద నాటకం 1909 నాటిది. అగ్నిహోత్రావధాన్లు తన చిన్న కూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకు డబ్బు పుచ్చుకుని ఇవ్వబోవడమే కథకు మూలం. ఆ పెళ్లి తప్పించడానికి మేనమామ కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేస్తాడు. మధురవాణి తెలివి, గిరీశం గడుసు మాటలు, రామప్పంతులు ఎత్తులు అన్నీ ఈ పెళ్లి చుట్టూనే తిరుగుతాయి. కానీ పెళ్లికూతురు సుబ్బి గొంతు మాత్రం నాటకంలో దాదాపు వినిపించదు. ఇంతమంది తన గురించి మాట్లాడుతుంటే ఆ పిల్ల ఏమనుకుంది?

ఇది ఒక్క ఇంటి కథ కాదు. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో లెక్కకు అందిన కన్యాశుల్కం పెళ్లిళ్లు 1,034 అని గురజాడ తన ముందుమాటలో రాశారు. వారిలో ఐదేళ్లలోపు పసిపిల్లలూ ఉన్నారు.

ఇక్కడే మన యానాం వస్తుంది. 1929లో బ్రిటిష్ ఇండియాలో శారదా చట్టం వచ్చింది. పద్నాలుగేళ్లు నిండని ఆడపిల్లకు పెళ్లి చేయడం నేరమైంది. 1930 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. యానాం అప్పుడు ఫ్రెంచివారి పాలనలో ఉంది కనుక ఆ చట్టం ఇక్కడ వర్తించదు. దాంతో చుట్టుపక్కల ఊళ్ల నుంచి పెళ్లివారు పిల్లలను తీసుకుని ఇక్కడికి వచ్చి పెళ్లిళ్లు చేసుకుని వెళ్లేవారు. మన ఊరికి 'కళ్యాణపురం' అనే పేరు ఉండటానికి ఇక్కడ జరిగిన ఆ పెళ్లిళ్లే కారణమని చెబుతారు. ఎంత అందమైన పేరు! ఆ పేరు వెనక పీటల మీద కూర్చున్న పిల్లల వయసెంతో ఎప్పుడైనా ఆలోచించామా?

8వ తరగతి, ఆపై పిల్లలకు ఈ విషయం ఇస్తున్నాం: సుబ్బిని ఓ నలభై ఏళ్లు ముందుకు, ఒక కోనసీమ అగ్రహారానికి తీసుకురండి. పెళ్లి యానాంలో అనుకోండి. ఆ రోజు కథను సుబ్బి చెబితే ఎలా ఉంటుంది?

రాయడానికి నాలుగు దారులు

ఏ పాత్రకైనా ఈ నాలుగింటిలో ఒకటి సరిపోతుంది.

1. ముందు: మనం ఆమెను కథలో చూడకముందు ఏం జరిగింది? మధురవాణి చిన్నప్పుడు ఎలా ఉండేది?

2. తర్వాత: కథ ముగిశాక ఆమె ఏమైంది? నాటకం చివర్లో బుచ్చమ్మను పూనాలోని వితంతు శరణాలయానికి పంపుతారు. అక్కడి నుంచి చెల్లెలు సుబ్బికి ఉత్తరం రాస్తే అందులో ఏం ఉంటుంది?

3. పక్కన: కథ వేరేచోట నడుస్తుండగా ఆమె ఏం చేస్తోంది? 1957 నాటి 'మాయాబజార్'లో మాయా శశిరేఖ అల్లరి అందరికీ గుర్తే. ఆ సమయంలో అసలు శశిరేఖ ఎక్కడుంది, హిడింబితో ఏం మాట్లాడింది?

4. ఒకటి మారిస్తే: కాలమో, ఊరో, ఒక నిర్ణయమో మార్చండి. ఒక్కటి మాత్రమే. రెండు మూడు మారిస్తే అది వేరే పాత్ర అయిపోతుంది, చదివేవారికి గుర్తుపట్టిన సంతోషం దక్కదు.

దారి ఎంచుకున్నాక కాగితం మధ్యలో గీత గీసి, ఎడమవైపు 'కథలో ఉన్నవి', కుడివైపు 'నేను కల్పించేవి' అని రాసుకోవాలి. కుడివైపు రాసింది ఏదీ ఎడమవైపు ఉన్నదాన్ని తోసిపుచ్చకూడదు. ఈ ఒక్క అలవాటు పిల్లలను మళ్లీ మూలపుస్తకం తెరిచేలా చేస్తుంది. దాన్ని ఈసారి పరీక్ష కోసం కాకుండా తమ అవసరం కోసం చదువుతారు.

ఒక నమూనా

మామూలుగా ఇలా మొదలవుతుంది:

"సుబ్బి చాలా బాధపడింది. బాల్యవివాహాలు దురాచారం. మనమందరం ఆడపిల్లలను గౌరవించాలి."

తప్పేమీ లేదు. కానీ ఇందులో సుబ్బి లేదు, వ్యాసం మాత్రమే ఉంది. దీన్నే ఇలా రాయవచ్చు:

"పడవ కదిలింది. కొత్త పరికిణీ తడుస్తుందని అమ్మ నా మోకాళ్ల మీద తువ్వాలు కప్పింది. 'అవతలి గట్టు మనది కాదే, ఫ్రెంచివాళ్లది' అంది అక్క. నేను వంగి చూశాను. ఇవతలి నీళ్లూ అవతలి నీళ్లూ ఒకే రంగులో ఉన్నాయి. 'మరి మనది ఎక్కడ అయిపోయిందక్కా?' అని అడిగాను. అక్క మాట్లాడలేదు. పడవతను తెడ్డు ఆపి, 'నీకు ఎన్నేళ్లమ్మా?' అన్నాడు. నాన్న దగ్గారు. నేను రెండు చేతులూ చాపి పది వేళ్లూ చూపించాను."

ఇక్కడ 'దురాచారం' అన్న మాట లేదు, బాధ అన్న మాటా లేదు. అయినా నాన్న ఎందుకు దగ్గారో చదివేవారికి తెలుస్తుంది. అక్క ఎందుకు మాట్లాడలేదో, బుచ్చమ్మ బాలవితంతువని తెలిసినవారికి ఇంకా బాగా తెలుస్తుంది. యానాం, ఎదుర్లంక మధ్య బాలయోగి వారధి రాకముందు గౌతమిని పడవ మీదే దాటేవారు. మీ ఇంట్లో పెద్దవారు ఆ పడవ ప్రయాణాలు చేసి ఉంటే, రేవు ఎలా ఉండేదో పిల్లలకు చెప్పండి. అలాంటి ఒక్క వివరం పది విశేషణాల పెట్టు.

కోరిక చీటీలో ఏం రాయాలి?

ప్రతి విద్యార్థి మూడు సంగతులు రాసి ఇవ్వాలి: తనకు నచ్చిన మూడు స్త్రీ పాత్రలు, వారి గురించి తెలుసుకోవాలని ఉన్నది, కథలో వద్దనుకునేది. ఉదాహరణకు:

"1. 'ఛోటా భీమ్'లో చుట్కీ, 2. హెర్మయోనీ, 3. హిడింబి. చుట్కీ అయితే భీమ్ ఊళ్లో లేని రోజు తనే ఒక చిక్కు విప్పాలి. హిడింబి అయితే అడవిలో కొడుకును ఒక్కతే ఎలా పెంచిందో కావాలి. చావులు వద్దు. చివర్లో పెళ్లి వద్దు."

మూడో అంశం చిన్నదిగా కనిపిస్తుంది కానీ అసలు పాఠం అందులోనే ఉంది. కానుక అంటే మనకు నచ్చింది ఇవ్వడం కాదు, తీసుకునేవారి మనసు కనుక్కుని ఇవ్వడం. ఇంట్లో ఈ మధ్యే ఎవరో పోయిన పిల్లకు చావు కథ అందకూడదు. వద్దు అని చెప్పడం, ఎదుటివారు వద్దన్నదాన్ని కారణం అడగకుండా పాటించడం, రెండూ పిల్లలకు ఈ వయసులోనే అలవాటు కావాలి.

తేదీలు

డిసెంబరు రెండో వారంలో కోరిక చీటీలు తీసుకుంటాం. తెలుగు టీచర్లు వాటిని చదివి, ఎవరి చీటీ వారికే రాకుండా పంచుతారు. క్రిస్మస్ సెలవుల్లో పిల్లలు కథ రాస్తారు. సంక్రాంతి సెలవులకు ముందు చివరి పనిదినాన కథలు కవర్లలో, రాసినవారి పేరు లేకుండా అందుతాయి. భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ ఊహించుకోవచ్చు. స్కూలు తెరిచాక పేర్లు చెబుతాం. ఎవరైనా జబ్బుపడి రాయలేకపోతే ఆ చీటీకి ఒక టీచర్ కథ రాస్తారు. ఏ బిడ్డా ఖాళీ చేతులతో ఇంటికి రాదు.

ఇంట్లో మీరు చేయగలిగేవి

- మీరు రాసి పెట్టవద్దు. మీ వాక్యం ఎంత బాగున్నా అది మీ బిడ్డ ఇచ్చే కానుక కాదు.
- మొదటి ప్రతిలో అక్షరదోషాలు దిద్దవద్దు. ముందు చదివించుకుని వినండి. ఒత్తులు, దీర్ఘాలు రెండో ప్రతిలో చూసుకోవచ్చు.
- మూడు ప్రశ్నలు మాత్రం అడగండి: ఇప్పుడు ఆమె ఎక్కడ ఉంది? ఆమెకు ఏం కావాలి? దానికి ఎవరు అడ్డు?
- తెలుగు రాయడం కష్టమైన పిల్లలు ముందు నోటితో చెప్పవచ్చు. ఫోనులో రికార్డు చేసి, విని, రాసుకోమనండి.
- సుబ్బి కథ ఎంచుకున్న పిల్లలు ప్రశ్నలు అడుగుతారు. దాటవేయకండి. ఇప్పటి చట్టం ప్రకారం అమ్మాయికి 18, అబ్బాయికి 21 ఏళ్లు నిండకుండా పెళ్లి చేయకూడదని, ఆపదలో ఉన్న ఏ పిల్ల అయినా, పిల్లాడైనా 1098కి ఫోన్ చేయవచ్చని చెప్పండి.

మీరు అడగబోయే ప్రశ్నలు

పురాణ పాత్రల కథ మార్చడం తప్పు కాదా?
భక్తితో పాడుకున్న ఆడవాళ్లే ఊర్మిళకు నిద్రను కల్పించారు. అపహాస్యం లేకుండా, ఆ పాత్ర మీద ప్రేమతో రాయడం మన సంప్రదాయంలో ఉన్నదే. అయినా మీ ఇంటికి ఇబ్బంది అనిపిస్తే చీటీలో 'పురాణ పాత్రలు వద్దు' అని రాస్తే చాలు, ఆ మాట పాటిస్తాం.

ఇంటర్నెట్‌లో ఇలాంటి కథలు చదవనివ్వవచ్చా?
ఫ్యాన్ ఫిక్షన్ సైట్లలో పెద్దలకు మాత్రమే తగిన కథలూ ఉంటాయి. పెద్ద సైటు అయిన 'ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్' కూడా 13 ఏళ్లలోపు పిల్లలకు ఖాతా ఇవ్వదు. మన పని అంతా కాగితం మీదే జరుగుతుంది, దీనికి ఏ సైటూ అవసరం లేదు.

కాపీరైట్ మాటేమిటి?
గురజాడ 1915లో కన్నుమూశారు. మన చట్టంలో రచయిత మరణించాక 60 ఏళ్లకు హక్కుల గడువు ముగుస్తుంది కనుక ఆయన పాత్రలు అందరివీ. కొత్త సినిమాలు, కార్టూన్ల పాత్రలతో రాసిన కథలను క్లాసు దాటి అచ్చు వేయకండి, అమ్మకండి.

ఏఐతో రాయించుకుంటే?
పట్టుకోవడం కష్టమే, మేం పోలీసు పని చేయం. మీ బిడ్డకు ఒక మాట చెప్పండి: నీ స్నేహితురాలు తన కోరికను చీటీలో రాసి నీ చేతికి ఇచ్చింది, యంత్రం చేతికి కాదు.

చివరికి, మార్కులు పెరుగుతాయా?
నేరుగా పెరగవు. దీనికి గ్రేడు లేదు, రిపోర్టు కార్డులో కనబడదు. అలా ఉండాలనే ఉంచాం. మార్కులుంటే పిల్లలు టీచర్ కోసం రాస్తారు, లేకపోతేనే తోటి బిడ్డ కోసం రాస్తారు. లేఖ, సంభాషణ, సొంత మాటల్లో రాయమనే ప్రశ్నలు ఏ తెలుగు పరీక్షలోనైనా ఉంటాయి. గైడు చూసి నేర్చుకోలేని చోటు అదే. తనకంటూ చెప్పవలసిన మాట ఒకటి ఉన్నప్పుడు ఎలా రాయాలో రెండు పేజీలు రాసిన బిడ్డకు తెలుస్తుంది.

కోరిక చీటీ నమూనాను ఈ సంచికతో జత చేశాం. దాన్ని నింపేటప్పుడు మీ పిల్లల పక్కన ఓ పది నిమిషాలు కూర్చోండి. వాళ్లు ఏ పాత్ర పేరు రాస్తారో, ఏది వద్దంటారో చూస్తే, మీ బిడ్డ గురించి ప్రోగ్రెస్ రిపోర్టులో మేం చెప్పలేని సంగతి ఒకటి మీకు తెలియవచ్చు.

ఇట్లు,
తెలుగు విభాగం, యానాం బ్రాంచ్